పద్యనాటకం – ప్రేక్షకుల స్పందన: కడప జిల్లా రంగస్థలం నుంచి ఒక పరిశీలన

ఈ విభాగంలో ఇంతవరకు మీరు నాటకాన్ని పుస్తకంగా చదివారు. ఇతివృత్తం, పాత్రపోషణ, సంవాదం, రసం అనే ద్వారాల గుండా లోపలికి వెళ్లారు. పరీక్షకు అది చాలు. కానీ మీలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుంచి చదువుతున్నవారు పద్యనాటకాన్ని పుస్తకంలో కంటే ముందు తిరునాళ్లలో చూసి ఉంటారు. అక్కడ చూసినదానికీ ఇక్కడ చదివినదానికీ పొంతన కుదరక తికమకపడి ఉంటారు కూడా. పుస్తకంలో ఒక పద్యం ఒకసారే వస్తుంది. రంగస్థలం మీద అదే పద్యం మూడుసార్లు వినిపిస్తుంది. పుస్తకంలో కృష్ణుడు ఒక్కడే. రంగస్థలం మీద తెల్లవారేలోపు ఇద్దరో ముగ్గురో కృష్ణులు వచ్చి వెళ్తారు. ఈ తేడాకంతటికీ కారణం ఎదురుగా చాపలు పరచుకొని కూర్చున్న జనమే.

ఆ జనాన్ని ‘పామరులు’ అని తోసివేసిన విమర్శకులు మనకు ఉన్నారు. నేను ఆ పక్షం కాదు. ప్రేక్షకుల స్పందనను వదిలేసి తెలుగు పద్యనాటకాన్ని అంచనా కడితే సగం పని మాత్రమే చేసినట్టు. అలాగని ప్రేక్షకులు ఏం చేసినా ఒప్పే అనడం కూడా విమర్శ కాదు. ఏ స్పందన నాటకాన్ని పెంచింది, ఏది తినేసింది, ఏది మనుషులను గాయపరిచింది అని విడదీసి చూడాలి. ఈ పాఠంలో మనం చేయబోయేది అదే.

భరతుడు చెప్పిన సిద్ధి

మొదట ఒక అపోహ తొలగించుకుందాం. ప్రేక్షకుల కేకలు, ఈలలు, బహుమానాలు ఈ కాలపు అలవాట్లనీ, శాస్త్రానికి వాటితో సంబంధం లేదనీ చాలామంది అనుకుంటారు. భరతుడి నాట్యశాస్త్రంలో ఇరవై ఏడవ అధ్యాయం పూర్తిగా నాటక ప్రదర్శన ఫలించిందా లేదా అనే విషయం గురించే. దాన్ని ‘సిద్ధి’ అన్నాడు. సిద్ధి రెండు రకాలు: మానుషి, దైవికి. మానుషి సిద్ధిలో మాటతో కనిపించేది ఒకటి, శరీరంతో కనిపించేది ఒకటి. చిరునవ్వు, సగం నవ్వు, పగలబడి నవ్వడం, ‘సాధు’ అనడం, ‘అహో’ అనడం, దుఃఖ ఘట్టంలో ‘కష్టం’ అనడం, ఆగకుండా కేకలు వేయడం మాటతో వచ్చేవి. ఒళ్లు పులకరించడం, ఆసనం నుంచి లేవడం, బట్టలు బహుమానంగా ఇవ్వడం శరీరంతో వచ్చేవి.

ఈ జాబితాను పక్కన పెట్టుకొని మన ఊరి నాటకానికి వెళ్లండి. ‘సాధు’ స్థానంలో ‘శబాష్’ ఉంటుంది. ‘అహో’ స్థానంలో ‘అబ్బా, ఏం గొంతు రా!’ ఉంటుంది. బట్టలు ఇవ్వడం శాలువా కప్పడంగా, నోట్ల దండ వేయడంగా మారింది. మాటలు మారాయి కానీ వరస మారలేదు.

దైవికి సిద్ధి గురించి భరతుడు చెప్పినది ఇంకా విలువైనది. రంగశాల నిండి ఉండి, చప్పుడు లేక, కలత లేక, ఏ ఉపద్రవమూ లేక ప్రదర్శన సాగితే అది దైవికి సిద్ధి. అంటే కేకల కంటే నిండు సభలోని నిశ్శబ్దాన్ని ఆయన వేరే మెట్టు మీద నిలబెట్టాడు. ఈ మాట గుర్తుంచుకోండి. కాటిసీను దగ్గర మనకు మళ్లీ అవసరమవుతుంది.

‘ఇంగొకసారి పాడు సామీ!’

తెలుగు నాటకంలోకి పాట, రాగం ఎలా వచ్చాయో మీరు వెనకటి పాఠంలో చదివారు కనుక క్లుప్తంగా చెబుతాను. 1880ల నాటికి ధార్వాడ, పార్సీ నాటక సమాజాల సంగీతం మనవాళ్ల చెవిన పడింది. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు తన నాటకాల్లో పాటకూ పద్యానికీ గానయోగ్యమైన చోటు కల్పించాడు. బళ్లారి, కడప రెండూ దత్తమండలంలోవే. కాబట్టి రాయలసీమ ప్రేక్షకుడికి సంగీత నాటకం దూరదేశపు సరుకు కాదు.

కథ తెలిసిన నాటకం ఇది. కురుక్షేత్రం చూడటానికి వచ్చిన రైతుకు సంధి కుదరదని ముందే తెలుసు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లోని పద్యాలు చదువు రానివాళ్లకు కూడా కంఠస్థం. మరి ఏం తెలుసుకోవాలని రాత్రంతా కూర్చుంటాడు? ‘ఏమవుతుంది’ అని కాదు, ‘ఎట్లా అంటాడు’ అని. ఫలానా పాదం దగ్గర గొంతు ఎక్కడ విరుస్తాడు, మోహన నుంచి ఎటు పోతాడు, చివరి ఆలాపనలో హార్మోనియం ఆయన్ను పట్టుకోగలుగుతుందా లేదా – ఇదీ ఉత్కంఠ. పద్యం తెలియనివాడు ‘వన్స్ మోర్’ అనడు. తెలిసినవాడే అంటాడు. ఈ ఒక్క విషయం గ్రహిస్తే ఆ కేకను గోల అనడానికి నోరు రాదు. అది పోల్చి చూసే చెవి చేసే పని.

నాటకం మధ్యలో వెనక వరసల మాటలు వినండి. “ఏం మామా, గొంతు పోయినట్టుందే ఈయప్పకు?” “యాడ పోయిందిరా? నిన్న తాడిపత్రిలో తెల్లార్లూ పాడొచ్చినాడు. రెండో పద్యానికి చూడు, ఎట్ల లేస్తాడో.” ఈ రెండు వాక్యాల్లో నటుడి ఆరోగ్యం, నిన్నటి ప్రదర్శన, గొంతు వేడెక్కే తీరు, రాబోయే పద్యం మీద అంచనా అన్నీ ఉన్నాయి. పత్రికల్లో వచ్చే చాలా సమీక్షల్లో ఇంత ఉండదు.

అయితే ఎదుటి వాదన కూడా బలమైనదే. ‘వన్స్ మోర్’ కేక పడగానే కృష్ణుడు కృష్ణుడిగా ఆగిపోతాడు. చేతులు జోడించి జనానికి నమస్కరిస్తాడు. మళ్లీ మొదటి పాదం ఎత్తుకొని కృష్ణుడవుతాడు. ఎదురుగా దుర్యోధనుడు కోపంతో మీసం మీద చెయ్యి వేసి అలాగే నిలబడి ఉండాలి. కోపం ఎంతసేపు నిలుస్తుంది? తాడిపత్రిలో పుట్టి బళ్లారిలో పేరు తెచ్చుకున్న రాఘవ ఈ పద్ధతిని గట్టిగా వ్యతిరేకించాడు. ధర్మవరం వారు ఆయనకు స్వయానా మేనమామ. మేనమామ తెచ్చిన పాటను మేనల్లుడు పక్కకు నెట్టి, సహజ వాచికానికీ ముఖంలో పలికే భావానికీ పెద్దపీట వేశాడు. ఇది కుటుంబ తగాదా కాదు, నాటకం చెవికా కంటికా అనే తగాదా. నేటికీ తేలలేదు.

లెక్క కూడా చూద్దాం. ఆలాపనతో కలిపి పద్యానికి నాలుగు నిమిషాలనుకోండి. రాత్రి మొత్తంలో ఇరవై పద్యాలకు ఒక్కొక్క ‘వన్స్ మోర్’ పడితే 80 నిమిషాలు అదనం. ఆ 80 నిమిషాలు ఎక్కడి నుంచో కోసి తీసుకోవాలి. సాధారణంగా కోత పడేది వచనానికీ, చిన్న పాత్రలకీ. విదురుడు, సంజయుడు, దాసీ – వీళ్లే నష్టపోతారు. ఈ సమస్య మనకొక్కరికే వచ్చింది కాదు. 1786లో వియన్నాలో మొజార్ట్ ‘ఫిగారో పెళ్లి’ ఆడినప్పుడు జనం పాటలు మళ్లీ మళ్లీ పాడించుకుంటుంటే, ఆట మరీ పొడుగవుతోందని, ఒకరి కంటే ఎక్కువమంది కలిసి పాడేవాటిని తిరిగి పాడించరాదని జోసెఫ్ చక్రవర్తి ఉత్తర్వు ఇచ్చాడు. మనకు అలాంటి చక్రవర్తి లేడు. గుడి ధర్మకర్తలు ఉన్నారు కానీ వాళ్లు ముందు వరసలో కూర్చొని తామే ‘వన్స్ మోర్’ అంటారు.

నా తీర్పు ఏమిటంటే, ‘వన్స్ మోర్’ నాటకాన్ని చెడగొట్టలేదు. చెడగొట్టినవి వేరే రెండు ఉన్నాయి. ఒకటి కాంట్రాక్టు నాటకం. ఎక్కడెక్కడి ప్రసిద్ధ నటులనో ఒక్క రాత్రికి కుదిర్చి, కలిసి రిహార్సలు లేకుండా, ఒకే పాత్రను అంకానికొకరికి పంచి ఆడించే పద్ధతి. దానిలో గొప్ప గొంతులు విన్నాం, నిజమే. కానీ మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు అని లెక్కపెట్టుకునే చోట ప్రేక్షకుడు పాత్రను చూడటం మానేసి పందెం చూడటం నేర్చుకున్నాడు. రెండోది మైకులో చదివింపులు. నూటపదహార్లు ఇచ్చినవారి పేరు, తండ్రిపేరు, ఊరిపేరు చంద్రమతి ఏడుస్తుండగా వినిపించాలా? ఇచ్చే చెయ్యి తప్పు కాదు, భరతుడి కాలం నుంచి ఉన్నదే. ఆ సమయం తప్పు. ‘వన్స్ మోర్’ కేక పద్యం కోసం పడుతుంది. చదివింపు కేక పేరు కోసం పడుతుంది. ఈ రెండింటినీ ఒకే గాట కట్టడం వల్లనే మన విమర్శ చాలాకాలం దారి తప్పింది.

కాటిసీను దగ్గర

బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను మీరందరూ ఎరిగినదే. ఆ దృశ్యంలో నటులు పాడే పద్యాల్లో కొన్ని బలిజేపల్లివి కావు. గుర్రం జాషువా ‘శ్మశానవాటి’ ఖండికలోవి. నాటకకర్త రాయని పద్యాలు నాటకంలోకి ఎలా వచ్చాయి? నటులు పాడారు, జనం ఉంచుకున్నారు. అంటే ఈ నాటకంలో కొంత భాగాన్ని ప్రేక్షకులే ఎంపిక చేసి చేర్చారు. రచయిత పాఠం, ప్రదర్శన పాఠం వేరువేరని సిద్ధాంత గ్రంథాల్లో చదివి కష్టపడేవారికి ఇంతకంటే తేలికైన ఉదాహరణ దొరకదు.

ఇంకొక సంగతి ఆలోచించండి. అంటరానితనాన్ని అనుభవించిన కవి జాషువా. ఆయన పద్యాలను, చావు ముందు రాజు పేద తేడా లేదని చెప్పే ఆ పద్యాలను, వీరబాహుకు అమ్ముడుపోయి కాటికాపరి అయిన రాజు నోట, ఊళ్లోని అన్ని కులాలవాళ్లూ కూర్చొని విన్నారు. విడివిడిగా కూర్చొని విన్నారన్నది కూడా నిజమే. ఆ పద్యాలు ఎవరివో తెలియకుండానే కన్నీళ్లు పెట్టుకున్నారు. మర్నాడు పొద్దున బావి దగ్గర ఏం జరిగిందో ఆ కన్నీళ్లు చెప్పవు. నాటకం మనుషులను మార్చేస్తుందని గట్టిగా నమ్మేవారు ఈ దగ్గర కాస్త ఆగాలి.

జమ్మలమడుగు వైపు పల్లెల్లో నేను గమనించినది ఒకటి ఉంది. రాయబారంలో కేకలు వేసే జనమే కాటిసీనులో నోరు మెదపరు. ‘వన్స్ మోర్’ అని ఎవరైనా కుర్రవాడు అరిస్తే పెద్దలు కసిరేస్తారు. లోహితాస్యుడి శవం ఎదురుగా ఉన్నప్పుడు పద్యం మళ్లీ అడగకూడదన్నది ఎవరూ రాయని నియమం. ఎక్కడ కేక వేయాలో, ఎక్కడ వేయకూడదో తెలిసిన సభ అది. ఆడవాళ్లు కూర్చున్న వైపు నుంచి ముక్కు చీదిన చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. భరతుడు దైవికి సిద్ధి అన్నది ఇలాంటిదాన్నే అని నేను అనుకుంటాను.

బ్రహ్మంగారి నాటకం దగ్గర స్పందన మరో రూపం తీసుకుంటుంది. మఠం ఉన్న కందిమల్లాయపల్లె మన జిల్లాలోదే కనుక ఇక్కడ ఆ నాటకం కథ కాదు, ఇంటి సంగతి. వేషగాడు రంగం మీదికి రాగానే కొబ్బరికాయ కొడతారు, హారతి పడతారు. వేషం కట్టినవాడు నిన్నటిదాకా వేరుశనగ చేలో పనిచేసిన పక్కింటి మనిషేనని అందరికీ తెలుసు. తెలిసీ నమస్కరిస్తారు. దీన్ని ‘భ్రమ’ అనే మాటతో వివరించలేం. సిద్ధయ్య ముస్లిం కుటుంబంలో పుట్టినవాడు, కక్కయ్య మాదిగ. వాళ్ల ఘట్టాలు వచ్చినప్పుడు ఎవరు ముందుకు జరిగి కూర్చుంటారో చూడండి. ప్రేక్షకులు అనే మాట ఏకవచనం కాదని అప్పుడు అర్థమవుతుంది.

సురభి: ఆశ్చర్యం అనే స్పందన

సురభి నాటక సమాజం మన జిల్లాలో పుట్టింది. 1885లో, నేటి చక్రాయపేట మండలంలోని సురభి గ్రామంలో, తోలుబొమ్మలాడించే కుటుంబాలకు చెందిన వనారస గోవిందరావు బృందం ‘కీచక వధ’ ఆడింది. ఊరి పేరే సమాజానికి పేరైంది. చక్రాయపేట మండలం పులివెందుల శాసనసభ నియోజకవర్గంలో ఉంది. పులివెందుల పేరు చెప్పగానే రాజకీయం తప్ప ఇంకేదీ గుర్తుకు రానివారికి ఈ సంగతి చెప్పండి. ఆ పక్కనే సింహాద్రిపురంలో పుట్టిన పద్మనాభం హాస్యనటుడయ్యాడు. ఆ ప్రాంతం వాడైన బి. నాగిరెడ్డి నిర్మాతగా 1957లో ‘మాయాబజార్’ వచ్చింది. నాటకాలవాళ్లు ఊరూరా ఆడిన శశిరేఖా పరిణయ కథే తెరకెక్కింది.

సురభి ప్రేక్షకుడు ‘వన్స్ మోర్’ కంటే ‘అరెరె!’ ఎక్కువగా అంటాడు. క్షణంలో మారే దృశ్యాలు, మంటలు, మాయలు అతని స్పందనను చెవి నుంచి కంటికి మార్చాయి. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయడం ఈ కుటుంబ సమాజంలో తొలినాళ్లలోనే మొదలైంది. మిగతా రంగస్థలం మీద పురుషుడు సత్యభామ వేస్తే జనం ఒయ్యారాన్ని మెచ్చుకునేవారు, స్థానం నరసింహారావు వంటి మహానటుడి విషయంలో అది న్యాయమే కూడా. కానీ ఆ మెచ్చుకోలు పురుషుడి నైపుణ్యానికి. సురభిలో మెచ్చుకోలు నటికి దక్కింది.

సినిమా వచ్చాక చిక్కు మొదలైంది. సురభివారి మాయాబజార్‌కు వచ్చినవారు సినిమా మాయాబజార్‌ను కళ్లలో పెట్టుకొని వస్తారు. ఘటోత్కచుడు ఎస్.వి. రంగారావులా లేడని పెదవి విరుస్తారు. బిడ్డ తల్లిలా లేదంటే ఒప్పుకోవచ్చు, తల్లి బిడ్డలా లేదంటే ఏం చెప్పాలి? 1990లలో బి.వి. కారంత్ ఈ సమాజంతో పనిచేసి కొత్త సంగీత నాటకాలు చేయించాడు. బ్రెహ్ట్ నాటకం ‘బస్తీ దేవత యాదమ్మ’గా సురభి రంగం మీదికి వచ్చింది. ప్రేక్షకుడు కథలో మునిగిపోకుండా ఆపి ఆలోచింపజేయడానికి బ్రెహ్ట్ పాటను వాడాడు. మన కృష్ణుడు ‘వన్స్ మోర్’ కేకకు నమస్కారం పెట్టి పాత్ర నుంచి బయటికి వచ్చినప్పుడు జరిగేదీ బయటి రూపంలో అదే. ప్రయోజనం మాత్రం వేరు. ఒకచోట ఆలోచన కోసం, ఇంకోచోట ఆనందం కోసం. ఈ పోలికను పరీక్షలో రాసేటప్పుడు ఆ తేడాను తప్పక రాయండి.

నవ్వు ఎవరి మీద?

ఇక కష్టమైన సంగతికి వద్దాం. కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’, ‘వరవిక్రయం’, ‘మధుసేవ’ – మూడూ సంస్కరణ కోసం రాసినవే. వేశ్యాలోలత్వం సంసారాలను ఎలా కూలుస్తుందో చెప్పడం చింతామణి ఉద్దేశం. బిల్వమంగళుడు, భవానీశంకరం, సుబ్బిశెట్టి, చింతామణి, శ్రీహరి, చిత్ర – ఈ పాత్రల్లో జనం ఎక్కువగా పట్టుకున్నది సుబ్బిశెట్టిని. నవ్వు వచ్చిన చోట నటుడు ఒక మాట చేర్చాడు. మరింత నవ్వు వచ్చింది. మరో మాట చేర్చాడు. ఏళ్లు గడిచేసరికి రచయిత రాసిన సన్నివేశం కొన్ని పుటలు, జనం నవ్వు రాయించిన సన్నివేశం గంట. కాటిసీనులో జాషువా పద్యాలను చేర్చిన శక్తీ, ఇక్కడ బూతును చేర్చిన శక్తీ ఒకటే: ప్రేక్షకుడి స్పందన. మొదటిదాన్ని మెచ్చుకొని రెండోదానికి కళ్లు మూసుకోవడం కుదరదు.

ఆర్యవైశ్య సంఘాల అభ్యంతరాల తర్వాత 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ నాటక ప్రదర్శనను నిషేధించింది. కళాకారులు తమ బతుకుతెరువు పోయిందన్నారు. వాళ్ల మాట నిజం. నాటకం ఒక కులాన్ని కించపరచడానికి రాసింది కాదన్నారు. అదీ నిజం. కానీ ప్రొద్దుటూరు వంటి వర్తక పట్టణంలో ఉన్న మీరు ఇంకొక ప్రశ్న వేసుకోవాలి. రాత్రి నాటకం చూసి నవ్విన పిల్లలు, మర్నాడు అంగట్లో కూర్చున్న పెద్దమనిషిని ఆ పాత్ర పేరుతో పిలిస్తే, ఆయన ఆ నాటకానికి ప్రేక్షకుడా కాదా? టికెట్టు కొనకపోయినా ఆ నాటకం ఆయన మీద ఆడినట్టే. నేను చూసిన ఊళ్లలో ఆడవాళ్లు హరిశ్చంద్రకు వచ్చినట్టు చింతామణికి వచ్చేవారు కాదు. వాళ్ల గైర్హాజరు కూడా ఒక స్పందనే. కళావంతుల ఇళ్ల ఆడపిల్లలకు ఆ నవ్వు ఎలా వినిపించి ఉంటుందో అడిగినవారు ఇంకా తక్కువ.

నిషేధం సరైన మందు అని నేను అనుకోను. అది కాళ్లకూరి రాసినదాన్నీ, తర్వాత చేరినదాన్నీ కలిపి ఒకే గోతిలో పూడ్చింది. చేరినదాన్ని తొలగించి మూలాన్ని ఆడించే పని ఎప్పుడో చేయవలసింది నాటక సమాజాలు, విమర్శకులు. ‘జనం అడుగుతున్నారు, మేమేం చేస్తాం’ అన్న మాట వెనక సమాజాలు దాక్కున్నాయి. ‘అది జానపదుల హాస్యం’ అన్న మాట వెనక మా తరం విశ్వవిద్యాలయ విమర్శ దాక్కుంది. జనం అడిగింది నిజమే. కాటిసీనులో కుర్రవాణ్ణి కసిరిన పెద్దలు కూడా ఆ జనంలోనివారే కదా. వాళ్లు సుబ్బిశెట్టి దగ్గర ఎందుకు కసరలేదన్నది విమర్శ అడగవలసిన ప్రశ్న.

మీరు చేయవలసిన పని

ఈ భాగానికి అభ్యాస పత్రం ఉంది. శివరాత్రికో, శ్రీరామనవమికో, మీ ఊరి తిరునాళ్లకో పద్యనాటకం ఆడితే వెళ్లి చూడండి. రంగస్థలానికి ఎదురుగా కాకుండా ఒక పక్కగా, జనం ముఖాలు కనిపించేట్టు కూర్చోండి. ఏ పద్యానికి కేక పడింది, ముందు వరసలోనా వెనక వరసలోనా, ఆడవాళ్ల వైపు ఎప్పుడు కదలిక వచ్చింది, ఎవరు ఎప్పుడు లేచి వెళ్లారు – గడియారం చూసి రాసుకోండి. సెల్‌ఫోన్లు ఏ ఘట్టానికి పైకి లేచాయో కూడా రాయండి. ఇప్పుడు ‘వన్స్ మోర్’ అనే చెయ్యి చాలాసార్లు ఫోను పట్టుకొని ఉంటుంది, రికార్డయిన పద్యాన్ని మళ్లీ అడగవలసిన అవసరం దానికి ఉండదు. ‘నాటకం బాగుందా?’ అని ఎవరినీ అడగకండి. మర్యాదకు బాగుందనే అంటారు. ‘ఏ పద్యం గుర్తుంది?’ అని అడగండి. జవాబును వాళ్ల మాటల్లోనే, యాసతో సహా రాయండి. శిష్ట భాషలోకి మార్చవద్దు. నాలుగు పుటలు మించకుండా అధ్యయన కేంద్రంలో ఇవ్వండి.